గాలికి బాధ్యులెవరు?

1952 డిసెంబరులో లండను నగరమును గప్పిన పొగమంచు వేలమందిని బలిగొన్నది. అందు కర్మాగారముల పొగయేగాక యింటిపొయ్యిల పొగయు గలదు. కావుననే 1956 నాటి చట్టము పొగను నిషేధించు ప్రాంతముల నేర్పరచు నధికారమును స్థానిక సంస్థల కొసగి, పొయ్యి మార్చుకొను గృహస్థునకు వ్యయములో పదింట నేడుపాళ్లు తిరిగి యిప్పించినది. భారమును పంచుకొనుటచేతనే ఆ చట్టము గడప దాటి లోనికి రాగలిగినది.

మన దేశమున వాయుకాలుష్య నివారణ చట్టము 1981లో వచ్చినది. 2019 నాటి జాతీయ స్వచ్ఛవాయు కార్యక్రమమున విజయవాడ చేరినదిగాని జగ్గయ్యపేట, నందిగామలు చేరలేదు. సున్నపురాతి గనులు, సిమెంటు కర్మాగారములు, హైదరాబాదు రహదారి లారీలు గల మెట్టసీమ యిది. 2006 నాటి కేంద్రప్రకటన ననుసరించి పెద్ద గనులకు, సిమెంటు కర్మాగారములకు అనుమతి నిచ్చుటకు ముందు సాధారణముగా ప్రజాభిప్రాయ సేకరణ జరుగవలెను. ఆ సభకు పురుషులేగాక, యింట దుమ్ము తుడుచు ఇల్లాండ్రును పోయి మాటాడవలెనని మేము కోరుచున్నాము.