ఎన్నికలలో ధన ప్రభావం – రాజ్యాంగం చెప్పినది, చెప్పనిది

ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసమేదైనా రాయమని మన సంఘ కార్యదర్శిగారు అడిగినప్పుడు, మనలో చాలామందికి ప్రత్యక్షానుభవం ఉన్న విషయమే ఎంచుకున్నాను. మనమంతా ఎన్నికల విధులు చేసినవాళ్లమే. బ్యాలెట్ పెట్టెలతో లారీ ఎక్కి, బడి వరండాలో చాప పరచుకొని పడుకొని, తెల్లవారుజామునే పోలింగుకు సిద్ధమైన రోజులు ఎవరం మరచిపోలేదు.

అటువంటి ఒక ఎన్నికలో నేను ప్రిసైడింగ్ ఆఫీసరును. ఓటు వేసిన ఒక వృద్ధురాలు బయటకు పోకుండా నా బల్ల ముందు నిలబడింది. "ఇంకేం, అయిపోయిందిగా అమ్మా" అన్నాను. "డబ్బులు ఇక్కడే ఇస్తారా బాబూ, బయట ఇస్తారా?" అని అడిగింది. ఏజెంట్లు తలలు దించుకున్నారు. కోటా బియ్యంలాగా అది కూడా సర్కారు ఇచ్చేదే అనుకున్నది పాపం. నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ జవాబు వెతుక్కునే ప్రయత్నమే ఈ వ్యాసం.

మన ప్రాంతం మద్రాసు రాజధానిలో ఉన్న రోజుల్లో అందరికీ ఓటు లేదు. 1919 చట్టం ప్రకారం 1920లో జరిగిన ఎన్నికలలో భూమి శిస్తో, పన్నో కట్టేవారికే ప్రధానంగా ఓటు. 1935 చట్టం ఆ పరిధిని కొంత పెంచింది. 1937లో మరికొందరు ఓటు వేశారుగాని కూలి జనంలో అత్యధికులు బయటే ఉండిపోయారు. 1950లో అమలులోకి వచ్చిన మన రాజ్యాంగం 326వ అధికరణం ద్వారా ఈ ఆస్తి అర్హతను తుడిచిపెట్టి, వయోజనులందరికీ ఓటు ఇచ్చింది. పూర్వం డబ్బు లేనివాడికి ఓటు లేదు. ఇప్పుడు ఓటు ఉన్నవాడికి డబ్బు చూపుతున్నారు. తలుపు వేస్తే కిటికీలోనుంచి వచ్చినట్లయింది.

ఓటుకు లంచం ఇవ్వడం, పుచ్చుకోవడం రెండూ నేరాలేనని 1920లోనే శిక్షాస్మృతిలో చేర్చారు. 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం అభ్యర్థి ఖర్చుకు పరిమితి పెట్టింది. మొదటి సార్వత్రిక ఎన్నికలలో లోక్‌సభ అభ్యర్థికి చాలా రాష్ట్రాలలో 25 వేల రూపాయలు. అయితే రాజ్యాంగం 324వ అధికరణంలో ఎన్నికల సంఘాన్ని ఏర్పరచి, 327లో ఎన్నికల చట్టాలు చేసే అధికారం పార్లమెంటుకు ఇచ్చి అక్కడితో ఆగింది. ఖర్చు గురించి గాని, పార్టీల లెక్కల గురించి గాని అందులో ఒక్క మాట లేదు. 1985లో ఫిరాయింపుల నిరోధానికి పదవ షెడ్యూలు చేర్చేవరకు రాజకీయ పార్టీల ప్రస్తావనే లేదు.

ఈ ఖాళీ ఎంత ఖరీదైనదో 1974లో తెలిసింది. ఢిల్లీ సదర్ స్థానం నుంచి 1971లో గెలిచిన అమర్‌నాథ్ చావ్లా ఎన్నికపై కన్వర్‌లాల్ గుప్తా వేసిన కేసులో, అభ్యర్థి కోసం పార్టీ చేసిన ఖర్చును కూడా అభ్యర్థి ఖర్చులోనే కలపాలని 1974 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అదే నెలలో ఆర్డినెన్సు వచ్చింది. డిసెంబరుకల్లా అది చట్టమైంది. 77వ సెక్షనుకు ఒక వివరణ తగిలించి, పార్టీ గాని, మిత్రులు గాని పెట్టిన ఖర్చు అభ్యర్థి లెక్కలోకి రాదన్నారు. కంచే చేను మేయడమంటే ఇదే. ఆనాటి నుంచి పరిమితి కాగితం మీదే మిగిలింది.

కంపెనీల విరాళాల కథ కూడా ఇంతే. 1969లో నిషేధించారు. నిషేధంతో విరాళాలు ఆగలేదు, లెక్కలో లేని సొమ్ముగా మారాయి. 1985లో లాభాలలో 5 శాతం వరకు మళ్లీ అనుమతించారు.

మరమ్మతు ప్రయత్నాలలో తెలుగువారి పాత్రను చెప్పుకోవాలి. జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డిగారు అధ్యక్షులుగా ఉన్న లా కమిషన్ 1999లో ఇచ్చిన 170వ నివేదికలో, 1974 నాటి ఆ వివరణను తొలగించాలని, పార్టీల వ్యవహారాలను చట్టం పరిధిలోకి తేవాలని సూచించింది. 2000లో ఏర్పడి 2002లో నివేదిక ఇచ్చిన రాజ్యాంగ సమీక్షా సంఘంలో ఆయనతోపాటు జస్టిస్ కొత్తపల్లి పున్నయ్యగారు కూడా సభ్యులు. పార్టీల నియంత్రణకు సమగ్ర చట్టం కావాలని ఆ సంఘం కూడా చెప్పింది. హైదరాబాదులో 1996లో పుట్టిన లోక్‌సత్తా ఈ విషయాన్ని వీధుల్లోకి తెచ్చింది. ఫలితంగా 2003లో ఆ వివరణను చాలావరకు కుదించారు. పెద్ద నాయకుల ప్రయాణ ఖర్చుకు మాత్రం మినహాయింపు మిగిలింది. పార్టీ తన సాధారణ ప్రచారానికి పెట్టే ఖర్చుకు నేటికీ పరిమితి లేదు. అసెంబ్లీ అభ్యర్థికి మన రాష్ట్రంలో 40 లక్షలు పరిమితి, పార్టీకి ఆకాశమే హద్దు!

2017లో కంపెనీల విరాళాలపై పరిమితి ఎత్తివేసి, 2018లో దాత పేరు బయటపడని ఎన్నికల బాండ్లు తెచ్చారు. 2024 ఫిబ్రవరి 15న సుప్రీంకోర్టు వాటిని కొట్టివేసింది. ఎవరు ఎవరికి డబ్బు ఇస్తున్నారో తెలుసుకోవడం 19వ అధికరణం కింద ఓటరు హక్కని తేల్చింది.

ఈ రెండు తీర్పులనూ పక్కపక్కన పెట్టి చూడమని మిత్రులకు నా మనవి. 1974 తీర్పు మామూలు చట్టానికి అర్థం చెప్పింది గనుక, చట్టం మార్చి దాన్ని పడగొట్టగలిగారు. 2024 తీర్పు రాజ్యాంగం మీద నిలబడింది గనుక దాన్ని అంత తేలికగా కదల్చలేరు. అమెరికాలో దీనికి భిన్నంగా జరిగింది. అక్కడి సుప్రీంకోర్టు 1976లో ఎన్నికల ఖర్చును వాక్‌స్వాతంత్ర్యంతో ముడిపెట్టి పరిమితులను కొట్టివేసింది. 2010లో కంపెనీల ఖర్చుకూ తలుపు తెరిచింది. అందుకే వారికి రాజ్యాంగ సవరణ తప్ప దారి లేదనే వాదన బలపడింది. మనకు రాజ్యాంగం అడ్డు కాదు, అండ. కనుక పార్టీ ఖర్చుకు పరిమితి, స్వతంత్ర ఆడిట్ అనే రెండు నియమాలను రాజ్యాంగంలోనే రాయాలని నా అభిప్రాయం. పంపకంతో లాభపడేవారే సాధారణ మెజారిటీతో మార్చుకునే వీలున్న నియమం, నియమం కాదు.

రాజ్యాంగంలో రాస్తే కవర్లు ఆగుతాయా అని మీరు అడగవచ్చు. 2024 మేలో ఎన్నికల ముందు తెలంగాణ సరిహద్దు దారుల్లో చెక్‌పోస్టులు పెట్టి వాహనాలు సోదా చేశారు. అయినా ఒక సాయంత్రం మా ఇంటికీ కవరు వచ్చింది. నేను తిరిగి ఇచ్చేశాను. "తాతయ్యా, మీరు తిరిగిస్తే ఆ తెచ్చినాయనే ఉంచుకుంటాడు" అన్నాడు మా మనవడు. వాడి మాట నిజమే కావచ్చు. కాని తీసుకొని ఉంటే ఈ వ్యాసం రాయగలిగేవాణ్ణి కాదు.

మన పింఛను కోసం వినతిపత్రాలు ఎన్నో ఇచ్చాం. రాబోయే సర్వసభ్య సమావేశంలో దీనిపై కూడా ఒక తీర్మానం చేసి, మన ఎం.పి.గారికి అందజేద్దాం. ఆనాటి ఆ పెద్దమ్మకు ఇవ్వవలసిన జవాబు నేను బాకీపడి ఉన్నాను. "ఇక్కడా ఇవ్వరు, బయటా ఇవ్వరమ్మా" అని తలెత్తి చెప్పగలిగే రోజు, నా తర్వాత ఆ కుర్చీలో కూర్చునే ఉద్యోగికైనా రావాలి.