చోడంబలి, రెండు రూపాయల బియ్యం, ఈస్ట్రోజన్

పలాస, టెక్కలి వైపు ఏ ఇంట్లో నెలసరి గాడి తప్పినా, ఏ ఆడపిల్ల పదేళ్ళకే పెద్దమనిషైనా, ఎవరి గర్భసంచిలో గడ్డ కనబడినా ఒకే కథ చెబుతారు. మన పెద్దవాళ్ళు చోడంబలి (రాగి అంబలి) తాగారు, గంటన్నం (సజ్జన్నం) తిన్నారు, వాళ్ళకు ఈ హార్మోన్ల గొడవ లేదు. రెండు రూపాయల బియ్యం వచ్చింది, చోళ్ళు పోయాయి, ఒంట్లో ఈస్ట్రోజన్ లెక్క తప్పింది. చిరుధాన్యాలు అమ్మేవాళ్ళు చెప్పేది ఇదే, ఫోన్లలో తిరిగే వీడియోలు చెప్పేది ఇదే. చదువుకున్నవాళ్ళూ దాన్నే తిరగరాస్తున్నారు. చోడంబలి మీద నాకు ప్రేమ తక్కువేమీ కాదు. కానీ ఈ కథలో పాతకాలపు స్త్రీల ఆకలి ఎక్కడా కనబడదు. ఇవాళ్టి స్త్రీల ఒంటి మీది ఆపరేషను మచ్చ కూడా కనబడదు. ఈ రెండూ వదిలేసి తిండికీ ఈస్ట్రోజన్‌కీ ఉన్న సంబంధం చెప్పడం కుదరదు.

శాస్త్రం వైపు జరిగినది చాలామందికి తెలిసిందే కనుక త్వరగా చెప్పేస్తాను. అండాశయంలో ఈస్ట్రోజన్ పని చేసే హార్మోను ఉందని 1923లో ఎడ్గార్ ఆలెన్, ఎడ్వర్డ్ డాయిసీ అమెరికాలో రుజువు చేశారు. 1929లో డాయిసీ, జర్మనీలో బ్యూటెనాంట్ విడివిడిగా ఈస్ట్రోజన్లలో ఒకటైన ఈస్ట్రోన్‌ను స్ఫటికంగా వేరుచేశారు. తిండికి ఈ హార్మోనుతో లంకె ఉందన్న అనుమానం మొదట గొర్రెల మందలో పుట్టింది. పశ్చిమ ఆస్ట్రేలియాలో ఒక రకం క్లోవర్ గడ్డి మేసిన గొర్రెలు కట్టు నిలవక గొడ్డుపోతున్నాయని 1946లో బెన్నెట్స్, ఆయన సహచరులు ప్రకటించారు. మొక్కలలోనూ ఈస్ట్రోజన్‌ను పోలిన పదార్థాలు ఉంటాయన్న ఎరుక అప్పటినుంచి బలపడింది. సోయా చిక్కుడు మీద ఇప్పటికీ తిరిగే భయానికి ఒక మూలం ఆ గొర్రెలు. గొర్రె పగలంతా ఆ గడ్డే మేస్తుంది. మనిషి పూటకో గుప్పెడు తింటాడు. సోయా తిన్న మగవాళ్ళలో టెస్టోస్టెరోన్ గాని ఈస్ట్రోజన్ గాని మారలేదని తర్వాత ఎన్నో పరీక్షలను కలిపి చూసినవాళ్ళు తేల్చారు.

పలాస చుట్టుపక్కల ఉద్దానం కథకు పనికొచ్చేవి మరో రెండు మెట్లు. మొదటిది 1974లో రోజ్ ఫ్రిష్, మెక్‌ఆర్థర్ రాసిన పత్రం. ఒంట్లో కొంత కొవ్వు చేరితే గాని ఆడపిల్లకు నెలసరి మొదలు కాదనీ, ఆ కొవ్వు కరిగిపోతే వచ్చేదీ ఆగిపోతుందనీ అందులో వాదించారు. ఇంత శాతం అని గీత గీయడం సరికాదని తర్వాతివాళ్ళు తప్పుపట్టారు గాని అసలు మాట నిలిచింది. 1994లో లెప్టిన్ అనే హార్మోను బయటపడి, కొవ్వు కణాలు మెదడుకు కబురు ఎలా పంపుతాయో తెలిశాక ఇంకా బలపడింది. 1944-45 శీతాకాలంలో హాలండు కరువులో దాదాపు సగంమంది ఆడవాళ్ళకు నెలసరి ఆగిపోయింది. గింజ మారి కాదు, గింజ లేక.

రెండోది పీచు సంగతి. వాడకం అయిన ఈస్ట్రోజన్‌కు కాలేయం ఒక ఆమ్లపు తునక తగిలించి పైత్యరసంతో పేగుల్లోకి పంపిస్తుంది. పేగుల్లోని సూక్ష్మజీవులు ఆ తునకను తెంపేస్తే హార్మోను మళ్ళీ రక్తంలోకి ఎక్కుతుంది. పీచు ఎక్కువ తినేవాళ్ళలో ఈ తెంపుడు తగ్గి, హార్మోను మలంతో బయటికి పోతుంది. 1982లో గోల్డిన్, ఆడ్లర్‌క్రాయిట్స్ తదితరులు బోస్టన్‌లో పదిమంది శాకాహార స్త్రీలనూ పదిమంది మాంసాహార స్త్రీలనూ పోల్చారు. శాకాహారుల మలంలో ఈస్ట్రోజన్ రెండు మూడు రెట్లు, రక్తంలో 15 నుంచి 20 శాతం తక్కువ. పాలిష్ పట్టిన బియ్యంలో వంద గ్రాములకు మూడు గ్రాములలోపు పీచు ఉంటే, చోళ్ళలోనూ గంటెలలోనూ సుమారు 11 గ్రాములు.

ఈ అంకె చూపించే చిరుధాన్యాలవాళ్ళు చోడి హార్మోన్లను సరిచేస్తుందంటారు. పీచు చేసే పని ఈస్ట్రోజన్‌ను తగ్గించడం. అవసరానికి మించి ఉన్న ఒంట్లో ఆ తగ్గింపు మేలు. అప్పటికే ఎముకలు తేలిన ఒంట్లో అదే కీడు. మన ముత్తవ్వల ఒళ్ళు ఈ రెంటిలో ఏది?

పలాస, టెక్కలి 1936 దాకా మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలోవి. ఒడిశాను ఊడ్చిన 1866 కరువు గంజాంనూ వణికించింది. 1888-89లో మళ్ళీ, 1896-97లో మళ్ళీ. పెద్ద కరువులు పుస్తకాలకెక్కాయి. ఏటా వచ్చే చిన్న కరువు ఎక్కలేదు. పాత గింజ అయిపోయి కొత్త పంట ఇంటికి రాని ఆషాఢం నుంచి ఆశ్వయుజం దాకా అంబలి పల్చబడుతూ వచ్చేది. జనం రంగూన్ ఓడ ఎక్కడానికి ఆ నెలల భయమూ ఒక కారణం. చోడంబలిని మనం ఇవాళ స్టీలు గ్లాసులో మజ్జిగా ఉల్లిపాయ ముక్కా వేసుకుని తాగుతున్నాం. ఆనాటి అంబలి చాలా ఇళ్ళలో గరిటె తిప్పితే నిలవని నీళ్ళు. దానిమీద పొద్దున్నించీ సాయంత్రం దాకా ఊడ్పు, కోత, కట్టెల మోపు, ఒళ్ళో పాలు తాగే బిడ్డ. అలాంటి ఒంట్లో నెలసరి ఆలస్యంగా మొదలవడం, మధ్యలో ఆగడం, తొందరగా ఉడిగిపోవడం శరీరం తన్ను తాను కాపాడుకునే తీరు. దాన్ని సమతుల్యం అనడానికి నాకు నోరు రాదు. పైగా రక్తంలో అంత స్వల్పంగా ఉండే ఈస్ట్రోజన్‌ను సులువుగా కొలిచే రేడియో ఇమ్యూనో ఎస్సే పద్ధతి 1960ల చివర గాని చేతికి రాలేదు. ముత్తవ్వల హార్మోన్లు చక్కగా ఉండేవన్న మాట వెనుక కొలత ఏదీ లేదు.

ఇక అందరూ వేలెత్తి చూపే 1983. ఎన్.టి.రామారావు ముఖ్యమంత్రి అయిన ఆ ఏడే కిలో రెండు రూపాయల బియ్యం మొదలైంది. మనిషికి 5 కిలోలు, ఇంటికి మించితే 25 కిలోలు. అంటే మనిషికి రోజుకు 165 గ్రాములు. కష్టం చేసే మనిషికి అది ఒక పూట అన్నం. ఆడపిల్లల ఒళ్ళు ఊరిపోయి హార్మోన్లు పొంగడానికి ఈ కొలత చాలదు. 1998-99 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. పథకం వచ్చిన పదిహేనేళ్ళకు కూడా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో 37 శాతం ఉండాల్సిన బరువు కంటే తక్కువ. ఆ బియ్యం చాలా ఇళ్ళలో కొవ్వు పెంచలేదు, ఆశ్వయుజం దాటించింది. నెలసరి ఆగిన ఒంట్లో దాన్ని మళ్ళీ రప్పించింది కూడా ఆ పూట అన్నమేనని నా నమ్మకం.

ఆడపిల్లలు త్వరగా పెద్దమనుషులవడమూ ఈ బియ్యం పుణ్యమేనంటారు. దేశవ్యాప్త సర్వే లెక్కల్లో 1955-64 మధ్య పుట్టిన స్త్రీల రజస్వల వయసు సగటున 13.83 ఏళ్ళు, 1985-89 మధ్య పుట్టినవాళ్ళది 13.62. పదేళ్ళకు ఒక నెల చొప్పున జరిగిన మార్పు. రెండు రూపాయల బియ్యం లేని రాష్ట్రాలూ ఇందులో ఉన్నాయి. పదేళ్ళలోపు పిల్లకు నెలసరి వస్తే వైద్యుడికి చూపించాలి, నిజమే. కానీ పదమూడేళ్ళ పిల్లను చూసి కాలం చెడిందనడం తప్పు. చోళ్ళు పోయింది బియ్యం కార్డు ఒక్కదానివల్ల కూడా కాదు. గొట్టా బ్యారేజీ కట్టి వంశధార ఎడమ కాలువ నీళ్ళు టెక్కలి వైపు వచ్చాక మెట్ట చేలు వరి మళ్ళయ్యాయి. ఉద్దానం ఇసుక నేలల్లో కొబ్బరి, జీడిమామిడి, పనస ఎకరం మీద ఎకరం ఎక్కాయి. దంచి, విసిరి, కాచే చాకిరీ తప్పినందుకు ఇంటి ఆడవాళ్ళు బియ్యాన్ని కళ్ళకద్దుకున్నారు. ఆ ఊపిరి విలువను వ్యాసాలు రాసే మగవాళ్ళు లెక్కలో వేయరు.

అలాగని బియ్యానిది ఏ తప్పూ లేదని నా వాదన కాదు. మూడు పూటలా పాలిష్ బియ్యమే, పప్పు పల్చన, కూర పక్కన, పైన నూనె వేపుళ్ళు అయ్యాక కథ మారింది. 2019-21 సర్వేకు రాష్ట్రంలో బరువు తక్కువ స్త్రీలు 15 శాతానికి దిగారు, అధిక బరువువాళ్ళు 36 శాతానికి ఎక్కారు. పలాస జీడి పరిశ్రమల్లో పిక్క కొట్టి, పొట్టు తీసి, గుండ్లూ బద్దలూ ఏరే ఆడవాళ్ళను దగ్గరగా చూస్తే ఈ మార్పు కంటికి కడుతుంది. వేళ్ళ చివర జీడి నూనెకు నల్లబడిన చర్మం, కదలకుండా కూర్చున్న గంటలు, మధ్యాహ్నం డబ్బాలో తెల్లన్నం. ఊడ్పు మడిలో వంగిన నడుమే ఇప్పుడు బల్ల ముందు బిగిసిపోయింది. ఇలాంటి ఒంట్లో ఇన్సులిన్ పెరుగుతుంది. ఇన్సులిన్ పెరిగితే లైంగిక హార్మోన్లను రక్తంలో పట్టి ఉంచే ప్రోటీను తగ్గుతుంది. కొవ్వు కణాలు సొంతంగా ఈస్ట్రోన్ తయారుచేస్తాయి. నెలసరి ఉడిగిన స్త్రీలో ఈస్ట్రోజన్‌కు అదే పెద్ద వనరు. చోళ్ళకూ గంటెలకూ ఇక్కడ నిజంగా చోటుంది, 1950ల ఒంట్లో లేని చోటు.

మన వంటింట్లో నేను గట్టిగా నిలబెట్టే పదార్థం మరొకటి ఉంది, చిమ్మిలి. మా ఇంట్లో పిల్ల పెద్దమనిషైతే నువ్వులు దోరగా వేయించి, రోట్లో బెల్లంతో దంచేవారు. రోకలి పడుతున్నకొద్దీ పొడి కాస్తా నూనె ఊరి ముద్దయ్యేది, రోటి అంచు నల్లగా మెరిసేది. చాప మీద కూర్చున్న పిల్ల చేతిలో ఆ ముద్ద పెట్టేవారు. నువ్వుల్లోని లిగ్నాన్లను పేగుల్లోని సూక్ష్మజీవులు ఎంటెరోలాక్టోన్‌గా మారుస్తాయి. అది ఈస్ట్రోజన్‌ను బలహీనంగా పోలి ఉంటుంది. తైవాన్‌లో 2006లో అచ్చయిన ఒక పరీక్షలో నెలసరి ఉడిగిన 24 మంది రోజుకు 50 గ్రాముల నువ్వుల పొడి అయిదు వారాలు తిన్నారు. ఇందాక చెప్పిన పట్టి ఉంచే ప్రోటీను 15 శాతం పెరిగింది. పోలికకు వాళ్ళకు పెట్టింది బియ్యప్పిండి. ఇరవై నలుగురి మీద పరీక్షతో చిమ్మిలి మందైపోదు. పైగా వాళ్ళు నెలసరి ఉడిగినవాళ్ళు, మన చిమ్మిలి తినేది నెలసరి మొదలైన పిల్ల. ఆ పిల్లకు అందులో దక్కేది ముందుగా శక్తి, కొవ్వు, కొంత కాల్షియం, ఇనుము. అది చాలు. ఎలమంచిలి పరిశోధన స్థానం నుంచి మంచి నువ్వు రకాలు వచ్చిన ఉత్తరాంధ్రలో పిల్లలకు నువ్వుండ అందడం కష్టం కాకూడదు.

ఇంతకూ ఈ ప్రాంతపు స్త్రీల ఈస్ట్రోజన్‌ను గింజ కంటే ఎక్కువగా మార్చింది కత్తి. 2015-16 సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు దేశంలో 3.2 శాతమైతే ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, రాష్ట్రాలన్నిటిలోకీ ఎక్కువ. 2019-21లోనూ 8.7. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్‌లో మొదలైన మూడు జిల్లాలలో శ్రీకాకుళం ఒకటి. గుండెకూ కేన్సరుకూ ఆ పథకం ప్రాణం పోసింది, కాదనను. కానీ తెల్లబట్టకూ నడుంనొప్పికీ సంచి తీసేసే అలవాటు దాని నీడలో పెరిగి, చివరికి ప్రభుత్వమే ప్రైవేటు ఆసుపత్రులకు కళ్ళెం వేయాల్సి వచ్చింది. సంచితో పాటు అండాశయాలూ తీసేస్తే ముప్పై అయిదేళ్ళ మనిషికి ఈస్ట్రోజన్ వారం తిరిగేలోగా పడిపోతుంది. సంచి ఒక్కటే తీసినా కొందరిలో అండాశయాలు ముందే అలిసిపోతాయి. ఆ స్త్రీకి ఒంట్లో ఆవిర్లు, ఎముకల నొప్పి, నిద్రలేమి వస్తే, చోళ్ళు తినలేదు కనుక అని చెప్పడం క్రూరం. ఆమెను ముందు అడగాల్సింది ఏ వయసులో ఆపరేషను చేశారు, ఏమేమి తీశారు, కాగితాలున్నాయా అని.

కత్తి తర్వాత చెప్పాల్సిన రెండో సంగతి ఉద్దానానిది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల మూత్రపిండాల జబ్బు దేశమంతా ఎరిగినదే. కారణం మీద వాదాలు తెగలేదు. నీళ్ళ కోసం హిరమండలం నుంచి పైపులు వచ్చాయి, పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న తెరిచారు. మూత్రపిండాలు దెబ్బతింటే ప్రోలాక్టిన్ రక్తంలో పేరుకుపోతుంది, మెదడు నుంచి అండాశయానికి వెళ్ళే కబురు చెదురుతుంది, అండం విడుదల ఆగుతుంది. డయాలసిస్ దాకా వెళ్ళిన స్త్రీలలో నెలసరి తరచూ ఆగిపోతుంది. ఈ హార్మోను తేడాకు మూలం కంచంలో లేదు. కానీ ప్రమాదం కంచంలో ఉంది. హార్మోన్లకు మంచిదని వీడియోలు చెప్పే గింజలు, జీడిపప్పు, మొలకలు, అరటిపండు, కొబ్బరినీళ్ళు అన్నీ పొటాషియం మూటలు. చోళ్ళలోనూ బియ్యంకంటే పొటాషియం చాలా ఎక్కువ. క్రియాటినిన్ పెరిగిన మనిషికి ఆ మోతాదు గుండెను ఆపేయగలదు. ఏడు మండలాల్లో ఒక్క ఊరికైనా ఇలాంటి ఆహార పట్టిక పంచేముందు రక్తపరీక్ష కాగితం చూడాలి. చూడకుండా పంచుతున్నవాళ్ళను నేను తప్పుపడుతున్నాను.

2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పడగొట్టిన కొబ్బరిచెట్ల చోట మళ్ళీ నాటిన మొక్కలు ఇప్పుడు కాపుకొస్తున్నాయి. ఆ తోటల్లోని ఇళ్ళలో డయాలసిస్‌కు వెళ్ళివచ్చే ఆడవాళ్ళున్నారు. వాకిట్లో బోండాం కొట్టి ఊరివాళ్ళకు పోస్తారు, తాము రోజుకు కొలిచిన నీళ్ళు గ్లాసు తర్వాత గ్లాసుగా లెక్కపెట్టుకుంటారు.