పచ్చికలో పాముపొడ

పోయిన ఎపిసోడ్‌లో లాన్ గడ్డికి వచ్చే మచ్చల గురించి మాట్లాడాను. డ్యూటీలో ఉండి వినలేకపోయిన వాళ్ల కోసం అదే ఇక్కడ రాసి పెడుతున్నా. నేను చదివింది ఐటీఐ. గడ్డి గురించి నాకేం తెలుసు? కానీ నా సంతకం వల్ల ఒక మనిషి జీతం కోత పడ్డాక తెలుసుకోక తప్పలేదు.

ఆగస్టు నెల. విల్లాల హ్యాండోవర్ దగ్గరపడింది. కొత్తగా పరిచిన లాన్‌లో అన్నం పళ్లెం అంత గోధుమరంగు మచ్చలు లేచాయి. మేనేజర్ చూసి, మాలి నీళ్లు పెట్టడం లేదన్నాడు. నేనూ ఆలోచించకుండా రిపోర్టులో "నీటి కొరత, మాలి నిర్లక్ష్యం" అని రాసి సంతకం చేశా. మూడు రోజుల జీతం కోశారు. ఆ మాలి మన జగిత్యాల వైపు తమ్ముడే. రాత్రి క్యాంపులో నా మంచం దగ్గరికొచ్చి కూర్చున్నాడు.

"అన్నా, నీళ్లు తక్కువై కాదే, ఎక్కువై గట్లయింది. మన వరికి పాముపొడ వస్తది సూడు, అచ్చం అట్లనే ఉన్నది. తెల్లారక ముందు ఒక్కసారి వచ్చి సూడు."

వెళ్లి చూశా. గడ్డి తడితడిగా ఉంది. మచ్చ అంచు చుట్టూ పొగ రంగు వలయం, దాని మీద సాలెగూడు లాంటి సన్నని పోగులు. ఎండ పొడవగానే ఆ పోగులు మాయం. మేనేజర్ వచ్చే పది గంటలకు కనిపించేది ఎండిన గడ్డి ఒక్కటే. ఆ గడ్డికి రాత్రి ఎనిమిదింటికి నీళ్లు వచ్చేలా స్ప్రింక్లర్ టైమర్ పెట్టింది ఎవరనుకున్నారు? మేమే.

ఆ మచ్చ పేరు బ్రౌన్ ప్యాచ్. దాని చరిత్ర వెతికితే మొదట్లోనే మనకు బాగా తెలిసిన మనిషి ఎదురయ్యాడు. పేరు తెలియకపోయినా ఆయన పద్ధతి మన అందరి నెత్తి మీదా ఉంది. ఆయనే అమెరికా ఇంజినీరు ఫ్రెడరిక్ టేలర్. స్టాప్‌వాచ్ పట్టుకుని, కూలీ ఒక పారతో ఎంత ఎత్తాలి, ఎన్ని నిమిషాల్లో ఎత్తాలి అని లెక్క కట్టిన మనిషి. 1911లో దాని మీద పుస్తకం కూడా రాశాడు. మన టైమ్ షీట్లకు, టార్గెట్లకు మూలపురుషుల్లో ఆయనొకడు. అదే టేలర్ ఫిలడెల్ఫియాలోని తన ఇంటి దగ్గర గోల్ఫ్ గడ్డి మీద ఏళ్ల తరబడి ప్రయోగాలు చేశాడు. 1914 ప్రాంతంలో ఈ గోధుమ మచ్చను మొదట గమనించింది ఆయన గడ్డి మళ్లలోనే. మనుషుల పనిని సెకన్లలో కొలిచిన ఆయన గడ్డి దగ్గర మాత్రం ఏళ్లకేళ్లు ఓపిక పట్టాడు. ఆ ఓపికలో కొంచెం కూలీల మీద కూడా చూపించి ఉంటే బాగుండేదనిపించింది నాకు.

1919లో పైపర్, కో అనే ఇద్దరు శాస్త్రవేత్తలు దీనికి కారణం రైజోక్టోనియా సోలాని అనే శిలీంధ్రమని రాశారు. వరిలో పాముపొడ తెగులు తెచ్చేది కూడా ఈ జాతి శిలీంధ్రమే! మా తమ్ముడు పొలంలో నేర్చుకున్నదే చెప్పాడు. నేనే వినలేదు.

ఇక మందుల కథ. మొదట వాడినవాటిలో బోర్డో మిశ్రమం ఒకటి. మైలుతుత్తం, సున్నం కలిపే ఈ మందు మన నిమ్మ తోటల వాళ్లకు తెలిసిందే. ఫ్రాన్స్‌లో బోర్డో దగ్గర దారి పక్క ద్రాక్ష గుత్తులను జనం తెంపకుండా, చూడగానే విషంలా కనపడాలని వాటి మీద ఈ నీలి నీళ్లు చల్లేవాళ్లు. ఆ తీగలకు బూజు తెగులు తక్కువగా ఉండటం 1882లో మియార్డే అనే ప్రొఫెసర్ గమనించి, 1885లో మందుగా ప్రకటించాడు. అయితే లాన్‌కు మళ్లీ మళ్లీ కొట్టేసరికి రాగి మట్టిలో పేరుకుని గడ్డినే దెబ్బతీసింది.

1920లలో పాదరసం మందులు వచ్చాయి. బాగా పనిచేశాయి, కానీ అది మనుషులకు విషం. రెండో ప్రపంచ యుద్ధంలో పాదరసం యుద్ధ అవసరాలకు పోవడంతో థైరమ్ అనే మందు ముందుకొచ్చింది. 1960ల చివర బెనోమిల్ వచ్చింది. దాన్నే పదే పదే కొట్టడంతో కొన్నేళ్లకే, డాలర్ స్పాట్ అనే ఇంకో మచ్చ తెచ్చే శిలీంధ్రం దానికి లొంగడం మానేసింది.

పాదరసం మందు సంగతి మన పక్క దేశంలోనే జరిగింది. 1971లో కరువు తర్వాత ఇరాక్‌కు విత్తన గోధుమలు వచ్చాయి. బూజు పట్టకుండా వాటికి పాదరసం మందు పట్టించి, గుర్తుగా రంగు కలిపారు. సంచుల మీద హెచ్చరికలు స్పానిష్‌లో, ఇంగ్లీషులో ఉన్నాయి. చాలా ఊళ్లకు విత్తే కాలం దాటాక అందాయి. ఆకలి మీదున్న పల్లె జనం రంగు కడిగితే విషం పోయిందనుకుని రొట్టెలు చేసుకు తిన్నారు. అధికారిక లెక్క ప్రకారమే 6,530 మంది ఆసుపత్రుల్లో చేరారు, 459 మంది చనిపోయారు. చదవలేని భాషలో రాసిన హెచ్చరిక వాళ్లను కాపాడలేదు. మన స్టోర్ రూముల్లో మందు డబ్బాల మీద ఏ భాష ఉంటుందో ఒకసారి చూడండి.

అందుకే మాలి పని చేసే తమ్ముళ్లకు నాలుగు మాటలు. గడ్డి ఎండితే ముందు మట్టిలో స్క్రూడ్రైవర్ గుచ్చి చూడండి. దిగకపోతే మట్టి ఎండినట్టు. సులువుగా దిగి, గుండ్రటి మచ్చలుంటే తెగులును అనుమానించండి. తెల్లారుజామున ఫోటో తీసి పెట్టుకోండి, అదే మీ సాక్ష్యం. నీళ్లు తెల్లవారుజామునే పెట్టండి, సాయంత్రం వద్దు. రాత్రంతా ఆకు తడిగా ఉండటమే శిలీంధ్రానికి కావాలి. ఉక్కపోత నెలల్లో యూరియా తగ్గించండి. మిషన్ బ్లేడు పదును పెట్టండి, గడ్డిని మరీ పొట్టిగా కొయ్యకండి. ఇవన్నీ చేశాకే మందు. అదీ ఒకటే మందు పదే పదే కాదు. గ్లౌజులు, మాస్కు లేకుండా డబ్బా మూత తీయకండి. లేబుల్ అర్థం కాకపోతే ఫోటో తీసి చదవగలిగిన వాళ్లకు పంపండి. అడగడం తప్పు కాదు.

మేం టైమర్‌ను రాత్రి ఎనిమిది నుంచి తెల్లవారి నాలుగున్నరకు మార్చాం. ఎరువు ఆపాం. మచ్చలు పాకడం ఆగింది, తర్వాత మెల్లగా కొత్త చిగురు కమ్మింది. నేను రెండో రిపోర్టు రాశా: "మొదటి రిపోర్టు తప్పు. కారణం టైమర్." మేనేజర్ ముఖం మాడ్చుకున్నాడు. కోసిన జీతంలో రెండు రోజులది రెండు నెలల తర్వాత వచ్చింది. మూడో రోజుది రాలేదు. నా జేబులోంచి ఇవ్వబోతే తమ్ముడు తీసుకోలేదు.

"పైసలు వద్దన్నా. ఇంకోసారి రాసేముందు నన్నొక మాట అడుగు" అన్నాడు.

అప్పటి నుంచి అడుగుతున్నా.