తల్లిని చూడని బేరం

పగ్గిల్ అనే సంకర కుక్క ఎదుగుదల చూసి మురిసినవాళ్లు చాలామంది. దాని పతనానికి కన్నీరు పెట్టినవాళ్లు తక్కువ. అందుకే ఈ కథ మళ్లీ చెప్పుకోవాలి.

దాని తండ్రి పగ్. 2003లో టీవీ ప్రకటనతో మన ఇళ్లలో ‘హచ్ కుక్క’గా పేరుపడిన ముడతల మొహపు పొట్టి జాతి. తల్లి ఎక్కువగా బీగిల్. కుందేలు వాసన పడితే చాలు, గంటల తరబడి అలుపులేకుండా పరుగెత్తే వేటకుక్క. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో వాలెస్ హేవెన్స్ అనే పెంపకందారు 1980లలో ఈ రెండింటినీ పనిగట్టుకుని కలిపాడు. పుట్టిన సంకరానికి పగ్గిల్ అన్న పేరు స్థిరపడింది.

ఆ కలయిక వెనక ఉన్న ఆశ చెడ్డది కాదు. పగ్ ముక్కు మొహంలోకి అణిగిపోయి ఉంటుంది. ఎండలో నాలుగడుగులు వేస్తే గురక, ఆయాసం. బీగిల్‌కు పొడుగాటి ముక్కు, గట్టి ఊపిరి ఉన్నాయి. పగ్ మచ్చిక, బీగిల్ ఆరోగ్యం ఒకే ఒళ్లో ఒదిగే కుక్కలో దొరికితే అంతకంటే ఏం కావాలి?

2005, 2006 నాటికి పగ్గిల్ వెలుగు వెలిగింది. న్యూయార్క్ అపార్టుమెంట్లలోకి, జేక్ జిల్లెన్‌హాల్ వంటి సినిమా తారల ఇళ్లలోకి చేరింది. వందల డాలర్లు పోసి జనం ఎగబడి కొన్నారు. పాపం, ఆ గిరాకీయే దాన్ని ముంచింది.

సంకరం మనం కోరినట్టు పంచిపెట్టదు. ఒకే ఈతలో ఒక పిల్లకు బీగిల్ ముక్కు వస్తే, దాని పక్కనే పాలు తాగుతున్న తోబుట్టువుకు పగ్ గురక రావచ్చు. కొన్నిటికి కంటి లోపలి మూలలో బఠాణీ గింజంత ఎర్రటి బుడిపె పైకి లేస్తుంది. వైద్యులు దాన్ని చెర్రీ ఐ అంటారు. మూడో రెప్ప కింద కన్నీటిని ఊరించే గ్రంథి అలా జారి బయటికొస్తుంది. శస్త్రచికిత్స చేసి దాన్ని తిరిగి లోపల కుట్టాలి. తెలియక కోసి పారేస్తే ఆ కన్ను ఎండిపోయే ప్రమాదం ఉంది. పైగా బీగిల్ నెత్తురు ఊరుకోదు. ఒంటరిగా వదిలితే ఊళ పెడుతుంది, వాసన తగిలితే పిలిచినా వెనక్కి రాదు. ఒళ్లో బొమ్మలా కూర్చుంటుందనుకుని తెచ్చుకున్నవాళ్లలో కొందరు దాన్ని షెల్టర్ల గుమ్మంలో వదిలేశారు.

అన్నిటికంటే పెద్ద విషాదం తల్లులది. మార్కెసాన్ దగ్గర హేవెన్స్ నడిపిన పప్పీ హేవెన్ కెన్నెల్‌ను 2008లో విస్కాన్సిన్ హ్యూమేన్ సొసైటీ డబ్బిచ్చి కొని, మూసివేసింది. అప్పటికి అందులో వెయ్యికి పైగా కుక్కలున్నాయి. పిల్లలు ఊరూరా ముద్దుల్లో మునుగుతుంటే వాటిని కన్నవి అక్కడ మిగిలాయి. ఏళ్ల తరబడి పెద్ద కెన్నెళ్లలో ఈనడానికే బతికిన కుక్కలు ఇంటికొచ్చాక మెట్టు చూసి జంకుతాయి, చెయ్యి చాపితే నేలకు అణిగిపోతాయి. ఆ భయం కొన్నిటిని చివరిదాకా వదలదు. 2009లో విస్కాన్సిన్ చట్టం చేసి, ఏడాదికి 25 లేదా అంతకు మించి కుక్కలు అమ్మే పెంపకందారులకు లైసెన్సు, తనిఖీ తప్పనిసరి చేసింది. ఈని ఈని అలసిన తల్లులకు ఆ చట్టం ఆలస్యంగా వచ్చింది.

ఆ తల్లుల ఉసురు మనకు తగలకూడదంటే, చిన్న సంకర జాతి పిల్లను ఎంచుకోవడం దాని తల్లి దగ్గరే మొదలుపెట్టాలి. పుట్టిన చోటికి వెళ్లండి. తల్లి పక్కన పిల్లలు పాలు తాగుతుండగా చూడండి. తల్లి మనిషిని చూసి తోక ఊపుతోందా, మూలకు నక్కుతోందా గమనించండి. పిల్లను కాసేపు ఆడించి, ఛాతీ దగ్గర చెవి పెట్టండి. గురగుర వినిపిస్తే పశువైద్యుడికి చూపించందే ముందుకెళ్లొద్దు. మన దేశంలో 2017 నాటి నిబంధనల ప్రకారం ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు, పెంపకందారు రాష్ట్ర జంతు సంక్షేమ మండలిలో నమోదై ఉండాలి. ఆ కాగితం అడగడానికి మొహమాటపడొద్దు.

ఇంట్లో కూడా ముందే సిద్ధం కావాలి. మెడ పట్టీకి బదులు ఛాతీకి తొడిగే హార్నెస్ కొనండి. ఇరుకు శ్వాసనాళమున్న కుక్కకు మెడ మీద లాగుడు పడకూడదు. తిండి కొలిచి పెట్టాలి, ఎందుకంటే పగ్, బీగిల్ రెండూ ఇట్టే ఒళ్లు చేసే జాతులు. మొహం ముడతలు రోజూ తుడిచి ఆరబెట్టాలి. టీకాలు పూర్తయ్యేదాకా వీధిలో దింపొద్దు. విజయవాడ ఎండలకైనా, హైదరాబాద్ ఎండలకైనా నడక తెల్లవారకముందే ముగించాలి. పగలంతా ఇంటికి తాళం పడే కుటుంబమైతే ఈ కోరికను వాయిదా వేసుకోవడమే మేలు.

పగ్గిల్‌ను పడగొట్టింది దాని నెత్తురు కాదు, మన తొందర. తల్లిని చూపించమంటే సాకులు చెప్పే చోట, పిల్ల ఎంత ముద్దొచ్చినా బేరం ఆపి వెనక్కి రండి. జాలిపడి ఆ ఒక్క పిల్లను కొన్నా, దాని తల్లి మళ్లీ ఈనక తప్పదు. మన డబ్బు అందకపోతేనే అలాంటి దొడ్లు మూతపడతాయి.