తారాజువ్వ నుంచి కాగితపు రాకెట్ వరకు

దీపావళి రాత్రి నింగికి ఎగిరే తారాజువ్వలో ఉండేవి ముఖ్యంగా మూడే వస్తువులు: కాగితపు గొట్టం, అందులో కూరిన మందు, దానికి కట్టిన సన్నని పుల్ల. వీటిలో అల్పంగా కనిపించే పుల్లే జువ్వకు దారి చూపుతుంది. అది లేకపోతే జువ్వ దిక్కు తెలియక గిరికీలు కొడుతుంది. రాకెట్ చరిత్రలో ఒక ప్రధాన భాగం ఈ పుల్ల చేసే పనిని అర్థం చేసుకోవడానికి మానవుడు పడిన శ్రమే.

పద్దెనిమిదో శతాబ్దంలో హైదరలీ, టిప్పు సుల్తానుల మైసూరు సైన్యాలు ఇనుప గొట్టాలకు వెదురు కర్రలు కట్టి యుద్ధాలలో ప్రయోగించాయి. 1780లో పొల్లిలూరు యుద్ధంలో ఆంగ్ల సేనలు వాటి ధాటిని చవిచూశాయి. 1799లో శ్రీరంగపట్నం పతనమైన తరువాత ఆ రాకెట్లు కొన్ని ఇంగ్లండు చేరాయి. వాటిని మెరుగుపరచిన విలియం కాంగ్రీవ్ కూడా కర్రను వదలలేకపోయాడు. 1844లో విలియం హేల్ రాకెట్‌ను గిరగిర తిరిగేలా చేసి కర్ర అవసరాన్ని తొలగించాడు.

యుద్ధరంగం నుంచి ఈ విద్య పిల్లల ఆటస్థలానికి చేరడానికి మరొక శతాబ్దం పట్టింది. అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో చెప్పుల దుకాణం నడిపే ఆర్విల్ కార్లైల్‌కు బాణసంచా తయారీలో ప్రవేశం ఉండేది. 1954లో, విమాన నమూనాలు ఎగురవేసే తన సోదరుడు రాబర్ట్ కోసం, అతడు కాగితపు గొట్టంతో, తేలికైన బాల్సా చెక్క రెక్కలతో ఒక చిన్న రాకెట్ రూపొందించాడు. మందు కూరిన మోటారు విడిగా ఉంటుంది. ఒకసారి వాడిన తరువాత దానిని మార్చుకోవచ్చు. ఎగరడం ముగిశాక పారాచూట్ విచ్చుకుని రాకెట్ పదిలంగా నేలకు దిగుతుంది.

1957 అక్టోబరు 4న స్పుత్నిక్ అంతరిక్షంలోకి వెళ్లింది. ఆ ఉత్సాహంలో ఎందరో బాలురు ఇనుప గొట్టాలలో సొంతంగా మందు దట్టించి ప్రాణాపాయం కొనితెచ్చుకున్నారు. వైట్ శాండ్స్ ప్రయోగ క్షేత్రంలో పనిచేసిన ఇంజనీరు హ్యారీ స్టైన్ ఈ ప్రమాదాన్ని ముందే గుర్తించాడు. కార్లైల్ రాకెట్‌లో అతనికి పరిష్కారం దొరికింది. ముక్కు, దేహం, రెక్కలలో లోహం ఉండరాదు; మోటారు కర్మాగారంలో తయారైనదే కావాలి; దూరం నుంచి విద్యుత్తుతోనే వెలిగించాలి. ఇటువంటి నియమాల పునాది మీద ఈ ఆట నిలిచింది. వెర్నన్ ఎస్టెస్ నిర్మించిన యంత్రం 1959 నుంచి మోటార్లను విరివిగా అందించడంతో అది ఇంటింటికీ చేరింది.

ఆకారం మీద మాత్రం ఆంక్షలు లేవు. రాకెట్ బరువు తూగే బిందువు ముందు, గాలి ఒత్తిడి కేంద్రీకృతమయ్యే బిందువు వెనుక ఉంటే చాలు. ఈ రెండవ బిందువును సులభంగా లెక్కించే పద్ధతిని 1966లో జేమ్స్ బారోమన్ ఔత్సాహికుల ముందుంచాడు. తారాజువ్వ పుల్ల చేసే పని ఆనాటికి సూత్రంగా మారింది. అయితే కాగితపు పళ్లెం, అట్ట ముక్కలతో చుట్టిన పొట్లం, థర్మోకోల్ బంతి వంటి చేతిపనుల సామగ్రితో చేసే వింత రాకెట్లు ఆ లెక్కకు సులభంగా లొంగవు. పొట్టిగా, వెడల్పుగా ఉన్న రాకెట్ వెనుక ఏర్పడే అల్పపీడనం దానిని వెనక్కు లాగుతూ, తోకలా నిలకడనిస్తుంది. నిర్మాతలు రాకెట్‌కు దారం కట్టి తల చుట్టూ తిప్పి చూస్తారు. ముక్కు ముందుకు నిలవకపోతే అందులో కాస్త బంకమన్ను పెడతారు.

ఆకారంలో స్వేచ్ఛ, మందు విషయంలో కఠిన నియమం: ఈ రెండూ కలిసినందువల్లనే పిల్లల చేతులు భద్రంగా ఉండి, వారి కుతూహలం శాస్త్రమైంది. ఖరీదైన పరికరాలు లేని పాఠశాలకు కూడా ఈ చరిత్ర చెప్పే పాఠం విలువైనది.