మడ్డిలో దాగిన మేలు



బెంగళూరులో మెజిస్టిక్ బస్టాండుకు దగ్గరలోనే కాటన్‌పేట ఉంది. పత్తి వ్యాపారం వల్ల ఆ పేరు వచ్చింది. కన్నడిగులు అరళెపేట అంటారు. పనికోసం, సరుకుకోసం మీలో చాలామంది ఆ వీధులు తొక్కే ఉంటారు. అక్కడి ఇళ్ళలో వాడి పారబోసిన నీళ్ళు ఎటు పోతాయో ఎప్పుడైనా ఆలోచించారా?

బెంగళూరు మెరక మీద కట్టిన ఊరు. కాటన్‌పేట నీళ్ళు పడమటి పల్లానికి దిగి వృషభావతిలో కలుస్తాయి. అక్కడినుంచి అర్కావతికి, ఆపైన కావేరికి చేరతాయి. తూర్పు పేటల నీళ్ళు బెళ్ళందూరు చెరువు మీదుగా దక్షిణ పినాకిని వైపు సాగుతాయి. మన గుమ్మం దాటిన మురుగు మాయమైపోదు. దిగువన ఎవరో ఒకరి చెరువు దాన్ని అందుకుంటుంది. ఆ మురుగును తేర్చే విద్య కోసం జీవితాన్ని వెచ్చించిన ఒక శాస్త్రజ్ఞుడికి బెంగళూరుతో దగ్గర సంబంధం ఉంది. ఆయన పేరు గిల్బర్ట్ ఫౌలర్.

ఫౌలర్ 1868లో పుట్టిన ఆంగ్లేయుడు. మాంచెస్టరు నగరంలో మురుగు నీటి శుద్ధిపై ఏళ్ళ తరబడి పనిచేశాడు. 1912లో అమెరికా వెళ్ళినప్పుడు లారెన్స్ ప్రయోగశాలలో సీసాల్లో మురుగు నీరు పోసి గాలి ఊదుతూ ఉండడం చూశాడు. తిరిగి వచ్చి, అలాంటి ప్రయోగం చేసి చూడమని ఆర్డెర్న్, లాకెట్ అనే ఇద్దరికి సూచించాడు. మొదటిసారి మురుగులోని అమ్మోనియా అంతా నైట్రేటుగా మారడానికి సుమారు ఐదు వారాలు పట్టింది. వాళ్ళు తేరిన నీటిని వంచేసి, అడుగున మిగిలిన మడ్డిని పారేయకుండా అందులోనే కొత్త మురుగు పోశారు. ఇలా మళ్ళీ మళ్ళీ చేయగా ఐదు వారాల పని 24 గంటల్లో ముగిసింది! మన ఇళ్ళలో తోడు పెరుగు ఉంచుకున్నట్టే ఇదీను. పని చేసే జీవులన్నీ ఆ మడ్డిలోనే ఉన్నాయి. 1914 ఏప్రిల్‌లో వాళ్ళు ఈ సంగతి లోకానికి చెప్పారు. అదే ఆక్టివేటెడ్ స్లడ్జ్ పద్ధతి. ఈనాటికీ ప్రపంచమంతటా నగరాల మురుగును ఎక్కువగా ఈ పద్ధతిలోనే శుద్ధి చేస్తున్నారు.

1916లో ఫౌలర్ బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు, అంటే మన పెద్దలు టాటా ఇన్‌స్టిట్యూట్ అని పిలిచే సంస్థకు, ఆచార్యుడుగా వచ్చాడు. మురుగులోని నత్రజని పొలానికి ఎరువు కావాలి గాని నదికి విషం కారాదన్నది ఆయన పట్టుదల. నత్రజనిని కాపాడుకోవడం గురించి 1934లో ఒక గ్రంథమే వెలువరించాడు.

ఆయన తరువాత ఆ సంస్థలోనే ఎస్.సి. పిళ్ళై, వి. సుబ్రహ్మణ్యన్ ఆ మడ్డిని సూక్ష్మదర్శినితో పరిశీలించారు. బాక్టీరియాతోపాటు వర్టిసెల్లా, ఎపిస్టైలిస్ వంటి ఏకకణ జీవులు కనిపించాయి. కాడకు తగిలించిన గంటలాగా ఉండే జీవి వర్టిసెల్లా. నీరు తేటపడడంలో వీటి పాత్ర చాలా ముఖ్యమని 1942లో 'నేచర్' పత్రికలో ప్రకటించారు. 1968లో ఇంగ్లండులో కర్డ్స్, ఆయన సహచరులు ఈ జీవులు లేకుండా తొట్లు నడిపి చూశారు. నీరు మసకగానే మిగిలింది. జీవులను చేర్చాక తేటపడింది.

ఈ కథ మనకెందుకంటారా? 2018 జూన్ నుంచి బెంగళూరులోని కోరమంగల, చల్లఘట్ట లోయల మురుగును శుద్ధిచేసి కోలారు చెరువులకు పంపుతున్నారు. రోజుకు 44 కోట్ల లీటర్లు పంపాలన్నది పథకం. ఇలాంటిదే మరొక పథకం చిక్కబళ్ళాపురానికీ ఉంది. వెయ్యి అడుగులు దాటి బోరు వేసినా తడి తగలని రైతుకు నిండిన చెరువు కన్నుల పండుగే. కాని ఆ ఏడాది జులైలోనే నీటిలో నురగ కనిపించింది. జనం భయపడ్డారు. వివాదం కోర్టులదాకా వెళ్ళింది.

ఆశా న్యాయమే, భయమూ న్యాయమే. ఆ జీవులు మలినాన్ని తింటాయి గాని సీసం, క్రోమియం వంటి లోహాలను తిని నశింపజేయలేవు. నత్రజని, భాస్వరం మిగిలిపోతే చెరువులో నాచు, గుర్రపుడెక్క కమ్ముకుంటాయి. గాలి చాలకపోయినా, కాలువలోకి విషం వచ్చినా ముందు చచ్చేవి ఆ జీవులే. నగరంలో ఏ పేటలోనైనా ఒకరు ఆమ్లమో రంగునీళ్ళో రహస్యంగా కాలువలో పోస్తే, దాని ఫలితం దిగువ ఊరి చెరువుకు చేరుతుంది.

అందుచేత శ్రోతలారా, ఈ నీరు చెరువులు నింపి భూగర్భజలం పెంచడానికే వస్తోంది, తాగడానికి కాదు. చెరువు నీటిని, పక్క బోర్ల నీటిని తరచు పరీక్ష చేయించమని, ఆ లెక్కలు గ్రామసభలో చదివి వినిపించమని మీ పంచాయతీని అడగండి. నురగ కనిపించినా, వాసన మారినా, చేపలు తేలినా, తేదీ వేసి రాసిపెట్టండి. ఫౌలర్ పని మొదలైంది కూడా సీసాలోని నీటిని శ్రద్ధగా చూడడంతోనే. మన చెరువును మనమూ అంత శ్రద్ధగా చూద్దాం.