ఇంటి ముందు బోర్డు: ఇజాజత్ ఎవరిది?

అమెరికాలో ఎన్నికల మౌసమ్ వచ్చిందంటే ఇళ్ల ముందు పచ్చగడ్డిలో చిన్న చిన్న బోర్డులు లేస్తాయి. యార్డ్ సైన్ అంటారు వాటిని. తమ ఓటు ఎవరికో, తాము దేనికి ఖిలాఫో ఇంటివాళ్లు దర్వాజా ముందే చెప్పేస్తారన్నమాట. ఆ బోర్డు ఎంత ఉండాలి, ఎన్నాళ్లుండాలి అన్నది ఊరి మున్సిపాలిటీ ఖానూన్. సైజు, తారీఖుల దాకా పెద్ద పేచీ లేదు. ఏ మాటకు చోటుందో, ఏ మాటకు లేదో కూడా ఊరే తేల్చబోయినప్పుడు అసలు ఝగడా మొదలైంది.

మిస్సోరీ రాష్ట్రంలో సెయింట్ లూయీ పక్కన లడూ అనే కలవారి ఊరుంది. 1990 ఆగస్టు 2న ఇరాక్ ఫౌజు కువైట్‌లోకి దిగింది. బతుకుదెరువుకు కువైట్ వెళ్లిన మనవాళ్లు కట్టుబట్టలతో అమ్మాన్ చేరి, విమానాల్లో ఇళ్లకు వస్తున్న రోజులవి. జంగ్ తప్పదని అమెరికాలో అందరూ అనుకుంటుండగా, డిసెంబర్ 8న మార్గరెట్ గిలియో అనే లడూ మహిళ తన ఇంటి ముందు రెండడుగుల వెడల్పు, మూడడుగుల పొడవున్న బోర్డు పెట్టింది. గల్ఫ్‌లో యుద్ధం వద్దని చెప్పండి, వెంటనే కాంగ్రెస్‌కు ఫోన్ చేయండి అని దాని సారాంశం.

ఆ బోర్డు మాయమైంది. ఇంకోటి పెడితే ఎవరో పడగొట్టారు. పోలీసులకు ఫిర్యాదు చేస్తే, అసలు ఇలాంటి బోర్డులే ఈ ఊళ్లో మనా అన్నారు. కౌన్సిల్‌కు అర్జీ పెడితే నామంజూరు. ఆమె ఫెడరల్ అదాలత్‌లో దావా వేసింది. అక్కడ తాత్కాలిక ఉత్తర్వు దొరికాక, మేడ మీది కిటికీలో మామూలు కాగితమంత బోర్డు పెట్టింది: గల్ఫ్‌లో శాంతి కోసం అని. ఊరు పాత ఖానూన్ తీసేసి కొత్తది తెచ్చింది. కొత్త దాని ప్రకారం ఆ కిటికీ కాగితం కూడా జుర్మే!

ఇల్లు అమ్మకానికుంది అనే బోర్డుకు మాత్రం అదే ఖానూన్‌లో ఇజాజత్ ఉంది. అంటే ఇంటి ఖరీదు గురించి మాట్లాడొచ్చు, మనుషుల ప్రాణాల గురించి మాట్లాడకూడదు. ఊరి ఖూబ్‌సూరతీ పాడవుతుంది, ఇళ్ల విలువ పడిపోతుంది అని మున్సిపాలిటీ వాదించింది.

1994 జూన్ 13న సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా గిలియో పక్షాన ఫైసలా ఇచ్చింది. తీర్పు రాసింది జస్టిస్ స్టీవెన్స్. పేపర్లో ప్రకటనకు పైసలు లేనివాడికి, గడప గడపకూ తిరిగే తీరిక లేనివాడికి ఇంటి బోర్డే సస్తా దారి అన్నారాయన. ఆ మాట ఎవరిదో ఆ ఇల్లే చెబుతుంది. ఇక అందం సంగతా? తన ఇంటి విలువ తగ్గించుకోవాలని ఎవరికీ ఉండదు, కాబట్టి బోర్డులు హద్దు దాటవు అని జవాబిచ్చారు. అప్పటికి ఆ జంగ్ ముగిసి మూడేళ్లు దాటింది.

2015లో ఆరిజోనాలోని గిల్బర్ట్ వంతు వచ్చింది. అక్కడ సిద్ధాంతాల బోర్డు 20 చదరపు అడుగుల దాకా ఉండొచ్చు, ఇళ్ల దగ్గర రాజకీయ బోర్డు 16 దాకా. సొంత భవనం లేని ఓ చిన్న చర్చి, ఆదివారం ప్రార్థన ఎక్కడో చెప్పే బోర్డుకు 6 అడుగులే. అదీ సమావేశానికి 12 గంటల ముందు పెట్టి, అయిన గంటలోపు తీసేయాలి. రాసిన సంగతిని బట్టి కొలత మార్చడం చెల్లదని కోర్టు కొట్టేసింది.

ఈ హక్కు సర్కారు మీదే పనిచేస్తుంది. మనవాళ్లు ఎక్కువగా ఉండే డల్లాస్ చుట్టుపక్కల కాలనీల్లో పెత్తనం ఇంటి యజమానుల సంఘాలది. అందుకే టెక్సాస్ విడిగా చట్టం చేసుకుంది: ఎన్నికకు 90 రోజుల ముందు నుంచి ఆ తర్వాత 10 రోజుల దాకా సంఘం రాజకీయ బోర్డును ఆపలేదు. కాకపోతే అభ్యర్థికి ఒక్కటే, నాలుగడుగులు ఆరడుగులు మించకూడదు.

ఇక మన మొహల్లాలు. మన ఎన్నికల నియమావళి కూడా ఇజాజత్ గురించే మాట్లాడుతుంది. ఇంటివాళ్ల అనుమతి లేకుండా వాళ్ల గోడ మీద రాయకూడదు, పోస్టర్ అంటించకూడదు అని పార్టీలకు చెబుతుంది. బహిరంగ స్థలాలను ఖరాబు చేయకూడదని ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1997లో చట్టమూ చేసింది. అయినా రాత్రికి రాత్రి గోడ మీద గుర్తు పడుతుంది. పొద్దున లేచి చూసిన ఇంటాయన ఖామోష్‌గా ఉండిపోతాడు. చెరిపితే ఎవరికి కోపమొస్తుందో అని.

అక్కడ ఇంటావిడ తన మాట చెప్పబోతే ఊరు నోరు మూసింది. ఇక్కడ ఇంటాయన చెప్పని మాటను పార్టీ అతని గోడతో చెప్పిస్తుంది. రెండుచోట్లా పోయింది ఒకటే, ఇల్లుగలవాడి ఇజాజత్. మాట్లాడే హక్కులో మాట్లాడకుండా ఉండే హక్కు కూడా కలిసే ఉంది.